జోషితకు సంజాయిషీ నోటీసు

జీడివలస బాలవాడి టీచరు నీలవేణికి ప్రభుత్వం మీద గురి కుదిరిన రోజంటూ ఒకటుంది. పిల్లలందరూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక తప్పనిసరిగా నిద్రపోవాలని శాఖవారు ఉత్తర్వు ఇచ్చిన రోజు అది.

అంతకుముందు వచ్చిన ఉత్తర్వులన్నీ ఆవిడను పరుగులు పెట్టించినవే. పిల్లల్ని తూచమన్నారు, కొలవమన్నారు, చేతులు కడిగించి ఆ చేతుల్ని ఫొటో తీసి పంపమన్నారు. పడుకోబెట్టమని మాత్రం ఏ మహానుభావుడూ అనలేదు. నీలవేణికి మధ్యాహ్నపు కునుకంటే ప్రాణం. పిల్లలు పడుకున్నాక గోడకు చేరబడి కొంగు ముఖం మీద కప్పుకుంటే ఆ కాసేపూ ఆవిడ మహారాణి. ఇన్నాళ్లకు తన మనసు కనిపెట్టిన మనిషి ఒకడు రాజధానిలో ఉన్నాడని తెలిసి ఆవిడ ఉత్తర్వును కళ్లకద్దుకుంది.

ఆ మనిషి పేరు డైరెక్టర్ మార్తాండరావు గారు. ఆయన ఆ మధ్య శాఖ ఖర్చు మీద ఒక చలిదేశం వెళ్లి, అక్కడి పసిపిల్లలు మధ్యాహ్నం పూట వరసగా పడుకుని ఉండటం చూసి కదిలిపోయారు. ఆ దేశంలో రోడ్లు అద్దాల్లా ఉండటానికీ, రైళ్లు వేళకు రావటానికీ, జనం క్యూలో తోసుకోకపోవటానికీ కారణం ఈ నిద్రేనని తిరుగు విమానంలోనే తేల్చేశారు. విమానం దిగిన వారంలోనే 'సార్వత్రిక శిశు మధ్యాహ్న నిద్రా సాఫల్య మిషన్' పుట్టింది. 'నిద్రించే బాల్యం, మేల్కొనే రాష్ట్రం' అని ఊరూరా గోడల మీద రాయించారు. జీడివలసలో ఆ రాత పక్కనే పడుకున్న పాప బొమ్మ కూడా వేశారు గానీ, పెయింటరు కళ్లు మూయడం మరిచిపోయాడు.

ప్రతి బాలవాడికీ ఒక ట్యాబూ, అందులో 'జోజో' అనే యాపూ వచ్చాయి. ట్యాబును పిల్ల ముఖానికి ఎదురుగా పెడితే యాపు ఆ పిల్ల కళ్లు చూసి తీర్పు చెప్తుంది. కళ్లు మూసి ఉంటే పచ్చదీపం, అంటే నిద్ర. తెరిచి ఉంటే ఎర్రదీపం, అంటే మెలకువ. ఏ బాలవాడిలోనైనా ఒక్క పిల్లకు నెలాఖరు దాకా ఎర్రదీపమే వెలిగితే, ఆ బాలవాడిని 'జాగరణ కేంద్రం'గా ప్రకటించి మూసేస్తారు. పిల్లల్ని హైవే అవతల, మండల కేంద్రంలో కొత్తగా కట్టిన 'ఆదర్శ నిద్రాలయం'లో కలిపేస్తారు.

నీలవేణి ఈ చివరి ముక్క చదివి నవ్వుకుంది. పసిపిల్లలు పడుకోకపోవడమేమిటి, చోద్యం కాకపోతే! అప్పుడే ఆవిడకు జోషిత గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

జోషితకు మూడేళ్లు నిండాయి. నిండిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం నిద్ర మానేసింది. మారాం లేదు, ఏడుపు లేదు. చిన్నప్పటి గౌను పొట్టయినట్టు ఆ నిద్ర దానికి పొట్టయిపోయింది, అంతే. తోటిపిల్లలు పడుకుంటే ఇది వాళ్ల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక్కొక్కరినీ జోకొడుతుంది. కథ కూడా చెప్తుంది. దానికి వచ్చిన కథ ఒకటే.

"ఒక ఆవు ఉన్నాది. ఆవు ఎల్తన్నాది. ఎల్తన్నాది. ఇంకా ఎల్తన్నాది..."

ఆ ఆవు ఎక్కడికి వెళ్తుందో ఇంతవరకూ ఎవరికీ తెలీదు. తెలిసే దాకా మేలుకున్న మనిషి లేడు. నీలవేణి కూడా చాలాసార్లు ఆ ఆవు వెనకాలే నడుస్తూ నడుస్తూ గుర్రు పెట్టేసింది. ఆయా సూరమ్మయితే గంటె చేత్తో పట్టుకునే ఒరిగిపోయేది.

మొదటి రోజు యాపు తెరిచారు. పిల్లలందరికీ పచ్చదీపాలు వెలిగాయి. జోషిత దగ్గరికి రాగానే, అది ట్యాబులోకి తొంగిచూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఎర్రదీపం వెలిగింది.

"పడుకోవే నా తల్లీ," అంది నీలవేణి.

"నువ్వు పడుకో టీచరమ్మా, నాను జోకొడతాను," అంది జోషిత.

నీలవేణి తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. తల నిండా ఆముదం పెట్టి మర్దన చేసింది. గడ్డపెరుగన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది. బూచాడొస్తాడంది. "రానీ, ఆడినీ పడుకోబెడతాను," అంది జోషిత. పోనీ ఉత్తుత్తినే కళ్లు మూసుకోమంది. జోషిత బుద్ధిగా కళ్లు మూసుకుని, ఫొటో తీశావా లేదా అని చూడ్డానికి సరిగ్గా ఫొటో తీసేటప్పుడే తెరిచింది. ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లూ తెరిచింది. ఇంత ప్రయాసలో నీలవేణి తన కునుకు సంగతి మరిచేపోయింది. ఉత్తర్వు వచ్చాక ఆవిడ ఒక్కనాడు కూడా నడుం వాల్చింది లేదు.

రెండో వారంలో సూపర్‌వైజర్ వసుంధరాదేవి జీపు వేసుకుని వచ్చింది. ఆవిడ మామూలుగా మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా, "లవణ పరిమాణం ఆశించిన స్థాయిలో లేదు," అంటుందని ఆవిడ డ్రైవరే చెప్పాడు.

"శిశువు నిద్రా నిరాకరణ ధోరణిలో ఉంది. క్షేత్రస్థాయిలో ఏం చర్యలు తీసుకున్నారు?"

"ఆముదం రాశానండి," అంది నీలవేణి.

"ఆముదం నిబంధనల్లో లేదు. ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలి."

"ఎవరికండి? నాకా?"

"మీకెందుకమ్మా? మీరు నిద్రపోవాలని ఎక్కడుంది? నిద్రపోనిది ఎవరో వాళ్లకే."

అలా జోషితకు నోటీసు వచ్చింది. నోటీసు అందుకునేవారికి చదవడం రాకపోతే చదివి వినిపించాలన్నది శాఖ రివాజు. కనుక వసుంధరాదేవి చాపమీద జోషితకు ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని చదివింది. "మధ్యాహ్న వేళ మీరు ఉద్దేశపూర్వకముగా నిద్రించకుండుటను శాఖ తీవ్రముగా పరిగణించుచున్నది. మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలసినది."

జోషిత శ్రద్ధగా విన్నది. అర్థమైంది ఒక్క ముక్క, నిద్ర.

"నాకు రాలేదు," అంది.

వసుంధరాదేవి ఆ జవాబును యథాతథంగా పైకి పంపింది. పై నుంచి తిరుగు జవాబు కూడా వచ్చింది. "నిద్ర రాకపోవడమనేది నిద్రపోకపోవడానికి తగిన కారణముగా పరిగణింపజాలము." నీలవేణి ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివింది. చదివిన కొద్దీ ఆవిడకు నిద్రొచ్చింది గానీ ఆ పిల్లకు రాలేదు.

ఈ లోపల ఇంకో గొడవ లేచింది. పడుకున్న పిల్లల ఫొటోలు రాజధానికి వెళ్తున్నాయనీ, అక్కడ మంత్రిగారి గదిలో గోడంత తెర మీద రోజూ వేస్తారనీ జీడి ఫ్యాక్టరీలో ఎవరో అన్నారు. ఆ ఊళ్లో ఆడవాళ్లందరూ ఆ ఫ్యాక్టరీలోనే జీడిపప్పు పొట్టు తీస్తారు. అక్కడ పుట్టిన మాట సాయంత్రానికి ప్రతి ఇంటికీ చేరుతుంది.

"ఓలమ్మ, పడుకున్న బిడ్డని కన్నతల్లే తేరిపార సూడదు. దిష్టి తగుల్తాదని సెంగు కప్పుతాది," అంది ఆయా సూరమ్మ గుండెల మీద చెయ్యేసుకుని. "అలాటిది అంతమంది పెద్దోళ్లు కుర్సీలేసుకుని అదే పనిగా సూస్తారేటి? ఇంకేటుంటాది, పిల్లలు సిక్కి సగమైపోరూ?"

మర్నాడు పొద్దున్న పిల్లలంతా బుగ్గ మీదొకటి, నుదుటి మీదొకటి కాటుక చుక్కలతో దిగారు. ఆషామాషీ చుక్కలు కావు. చూపు ఎంత దూరం నుంచి వస్తే చుక్క అంత పెద్దగా ఉండాలి కదా! రాజధాని అక్కడికి చాలా దూరం. రూపాయి బిళ్లలంత చుక్కలు పెట్టారు.

ఆ మధ్యాహ్నం జీడివలస బాలవాడి మొత్తం ఎర్రదీపాలతో దీపావళి చేసుకుంది. పిల్లలు హాయిగా గుర్రుపెడుతున్నారు. యాపు మాత్రం మెలకువ, మెలకువ, మెలకువ అంటోంది. మాట చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. కాటుకా పాకింది. వారం తిరక్కుండా జిల్లాలో సగం మంది పసివాళ్లకు నిద్ర కరువైనట్టు మంత్రిగారి తెర ఎర్రబారింది. 'జిల్లాలో అంతుచిక్కని మెలకువ' అని పేపర్లో వేశారు. డాక్టర్ల బృందం వచ్చి నిద్రపోతున్న పిల్లల్ని లేపి, మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగింది.

చివరికి యాపు తయారుచేసిన కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి సంగతి కనిపెట్టాడు. యాపు నల్లగా గుండ్రంగా ఏది కనబడినా తెరిచిన కన్ననుకుంటోంది. అందువల్ల కాటుక చుక్కలున్న పిల్లలకు మూడో కన్నూ నాలుగో కన్నూ ఉన్నట్టూ, అసలు కళ్లు మూసినా కొసరు కళ్లతో చూస్తున్నట్టూ లెక్క కడుతోంది.

"అయితే మెషీన్ని బాగుచెయ్యండి బాబూ," అంది నీలవేణి.

"మెషీన్ని మార్చాలంటే మళ్లీ టెండరు పిలవాలి మేడం," అన్నాడు కుర్రాడు. "పిల్లల్ని మార్చడానికైతే సర్క్యులర్ చాలు."

సర్క్యులర్ వచ్చింది. దృష్టిదోష నివారణార్థం ధరించు కాటుక చుక్కను ముఖముపై గాక అరికాలియందు ధరింపజేయవలెనని అందులో ఉంది. తల్లులు ఒప్పుకోలేదు. చూసేవాళ్లు ముఖాలు చూస్తుంటే చుక్క కాళ్లకు పెట్టుకోవడమేమిటని ఫ్యాక్టరీ గేటు ముందు నలుగురైదుగురు నిలదీసేసరికి వసుంధరాదేవి జీపు దిగకుండానే వెనక్కి తిరిగింది. చివరికి నీలవేణే మధ్యేమార్గం ఆలోచించింది. పిల్లలు పడుకున్నాక సూరమ్మ తడిగుడ్డతో చుక్కలు తుడుస్తుంది. ఫొటో తీస్తారు. తీసిన వెంటనే చుక్కలు మళ్లీ పెట్టేస్తారు. తుడిచింది తుడిచినట్టు, పెట్టింది పెట్టినట్టు.

ఆ మళ్లీ పెట్టే పని జోషితకు అప్పజెప్పారు. ఎలాగూ మెలకువగా ఉండేది అదొక్కతే కదా! జోషితకు అంత ఇష్టమైన పని ఇంకొకటి లేదు. కాటుక డబ్బా గౌను జేబులో వేసుకుని, ఎవరు కళ్లు మూస్తే వాళ్ల బుగ్గన ఒకటి, నుదుటన ఒకటి టక్కున అంటించేసేది. ఒకసారి కునికిపాట్లు పడుతున్న నీలవేణికి కూడా పెట్టేసింది. ఆవిడ ఆ చుక్కలతోనే బజారుకు వెళ్లొచ్చింది.

ఆ ఉపాయం జిల్లా అంతా పాకి అందరికీ పచ్చదీపాలు తిరిగొచ్చాయి. మిగిలింది జోషిత ఒక్కతే. నెలాఖరు దగ్గర పడింది. వసుంధరాదేవి ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"చూడండి నీలవేణిగారూ. ఒక్క పిల్ల కోసం కేంద్రాన్ని ఎందుకు పణంగా పెడతారు? ఆ పిల్ల పేరు కొట్టేయండి. మిగతా కేంద్రాలన్నీ అలాగే చేశాయి. లేని పిల్లకు మెలకువా ఉండదు. నూరు శాతం నిద్ర వచ్చేస్తుంది."

నీలవేణి ఆ రోజంతా దాని గురించే ఆలోచించింది. అబద్ధమెందుకు, ఆవిడకు ఆ సలహా నచ్చింది కూడాను. బాలవాడి మిగుల్తుంది, తన ఉద్యోగం మిగుల్తుంది, మధ్యాహ్నం కునుకూ మిగుల్తుంది.

సాయంత్రం జోషిత తల్లి దమయంతి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. చేతులు జీడి మరకలతో నల్లబడి ఉన్నాయి. మొగుడు చేపల బోటు మీద గుజరాత్ పోయాడు, వస్తే వానాకాలంలో వస్తాడు. ఈ బాలవాడి లేకపోతే పిల్లను ఎక్కడ పెట్టి పనికి పోవాలో దమయంతికి తెలీదు. ఫ్యాక్టరీలోకి పిల్లల్ని రానివ్వరు. జీడి రసం తగిలితే చర్మం ఊడొస్తుంది.

"టీచరమ్మా, పేరు తీసేస్తారంట కదా," అంది గుమ్మంలోనే నిలబడి. "ఇంటికాడ ఒక్కదాన్నీ ఒదిలేసి ఎల్లలేను. పని మానేస్తే పొయ్యెలా ఎలిగిద్దాను? నాను రాత్రుళ్లు దాన్ని పడుకోనివ్వను టీచరమ్మా. రాత్రంతా మెలకువగా ఉంచేత్తాను. అలాగైతే పగలు పడుకుంటాది కదా?"

నీలవేణి హాజరు పుస్తకం టప్పున మూసేసింది. ఇంత పసిదానికి రాత్రి నిద్ర చెడగొట్టి పగలు పడుకోబెట్టాలా? పైగా ఆ మాట అంటున్న మనిషి తెల్లారుజామునే లేచి పనికి పోయే మనిషి. నీలవేణికి కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియక దమయంతి మీదే అరిచింది.

"నీకు గాని మతి పోయిందేటే? పిల్లని నిద్రపోనివ్వకపోతే పీక నొక్కేస్తాను నిన్ను! పేరూ తియ్యను, గీరూ తియ్యను. ఎవరేం చేసుకుంటారో చేసుకోనీ!"

అనైతే అనేసింది గానీ, ఇంటికి పోయాక భయంతో అన్నం సహించలేదు.

పేరు కొట్టేయనందున విషయం సూటిగా పైకి పోయింది. జిల్లా మొత్తంలో మేలుకుని ఉన్న ఆఖరి శిశువును తానే స్వయంగా నిద్రపుచ్చుతానని డైరెక్టర్ మార్తాండరావు గారు ప్రకటించారు. నెల ఆఖరి రోజున కార్ల వరస జీడివలసకు దిగింది. ఆయనా, జాయింటు డైరెక్టరూ, జిల్లా అధికారులూ, వాళ్ల వెనక వసుంధరాదేవీ, అందరి వెనక ట్యాబు స్టాండు మోసుకుంటూ కుర్ర ఇంజనీరూ వచ్చారు. స్టాండు మీద పెట్టిన ట్యాబు కాసేపటికొకసారి తనంతట తనే ఫొటో తీసి, గదిలో ఎవరు నిద్రో ఎవరు మెలకువో తేల్చి, ఒక చిన్న వీడియోతో సహా నేరుగా మంత్రిగారి గదిలోని తెర మీదకు పంపుతుందట.

అతిథులు వచ్చారని ఫ్యాక్టరీ యజమాని భోజనాలు పంపించాడు. జీడిపప్పు పులావు, కోడికూర, పనసపొట్టు కూర, నెయ్యి తేలే పాయసం. పైన మండే ఎండ, లోపల చల్లని గచ్చు. అధికారులు మొహమాటపడుతూనే మారు వడ్డించుకున్నారు.

భోజనాలయ్యాక పిల్లల్ని పక్కగదిలో గోడవార పడుకోబెట్టారు. సూరమ్మ వాళ్ల చుక్కలూ, జోషిత చుక్కలూ తుడిచింది. ట్యాబు అక్కడ వాళ్లందరికీ పచ్చదీపం ఇచ్చేసి, ముందుగదిలోకి వచ్చి మళ్లీ స్టాండెక్కింది. జోషితకు ఎర్రదీపం వెలిగింది. డైరెక్టరు గారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"శిశువు అనుకరణ ద్వారా నేర్చుకుంటుంది. ఇది ప్రపంచమంతా అంగీకరించిన సత్యం. మన శాఖ చేసిన లోపమేమిటి? నిద్రపొమ్మని చెప్పాం గానీ నిద్రపోయి చూపించలేదు. కాబట్టి మనమందరం ఈ శిశువు సమక్షంలో ఆదర్శప్రాయంగా శయనిద్దాం. నటన మాత్రమే సుమా. ఎవరూ నిజంగా నిద్రపోరాదు. విధి నిర్వహణలో ఉన్నాం."

అధికారులు హోదాల ప్రకారం చాపలు పరుచుకున్నారు. ఫ్యాను కిందది డైరెక్టరు గారిది. బెల్టులు వదులు చేసుకుని, పొట్టల మీద చేతులు వేసుకుని, ఆదర్శంగా కళ్లు మూసుకున్నారు. వసుంధరాదేవి పక్కగదిలో గుమ్మానికి ఎదురుగా, ట్యాబుకు కనబడేటట్టు పడుకుంది.

జోషిత మొహం వెలిగిపోయింది. ఇంతమంది పెద్దపిల్లలు ఒక్కసారిగా తన దగ్గరికి పడుకోవడానికి రావడం దాని జన్మలో ఎప్పుడూ లేదు. పరుగున వచ్చి వాళ్ల మధ్యలో కూర్చుంది.

"ఒక ఆవు ఉన్నాది," అని మొదలుపెట్టింది. "ఆవు ఎల్తన్నాది. ఎల్తన్నాది..."

ముందు జిల్లా అధికారులు ఆవు వెనకాల బయల్దేరారు. తరవాత కుర్ర ఇంజనీరు ట్యాబుకు కనబడకుండా స్టాండు వెనకాలే ఒరిగిపోయాడు. జాయింటు డైరెక్టరు గుర్రు మొదలుపెట్టాడు. ఆ గుర్రుకు పక్కగది నుంచి వసుంధరాదేవి గుర్రు జవాబిచ్చింది. డైరెక్టరు గారు కాసేపు నిలదొక్కుకున్నారు. "ఎటు వెళ్తోందమ్మా ఆవు?" అని మగతగా అడిగారు.

"ఇంకా ఎల్తన్నాది," అంది జోషిత, ఆయన గుండెల మీద మెత్తగా తడుతూ.

ఆయనా వెళ్లిపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. మొహంలో డైరెక్టరు గిరీ పోయి, ఎవరి ఇంట్లోనో గారాబంగా పెరిగిన పిల్లాడు బయటపడ్డాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నీలవేణికి ఆయన మీద జాలేసింది. పాపం, ఎన్నేళ్లయిందో ఈయన మధ్యాహ్నం పడుకుని!

అప్పుడు జోషిత జేబులోంచి కాటుక డబ్బా తీసింది.

నీలవేణి ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకేసింది. పిల్ల తన పని తాను చేస్తోంది. కళ్లు మూసినవాళ్లకు దిష్టి తగలకుండా బుగ్గన ఒకటి, నుదుటన ఒకటి. జిల్లా అధికారులకు పెట్టింది. జాయింటు డైరెక్టరుకు పెట్టింది. పక్కగదిలోకి పోయి వసుంధరాదేవికి కాస్త పెద్దవే పెట్టింది. ఆపాలి, అనుకుంది నీలవేణి. ట్యాబు స్టాండు మీంచి గదంతా చూస్తోంది. ఆ ట్యాబుకు నల్లటి చుక్కంటే ఏమిటో ఆవిడకు ఈ నెల రోజుల్లో బాగానే వంటబట్టింది. పిలవబోయి, ఏదో తట్టి, గభాలున తన నోరు తనే మూసుకుంది. వెనకాల సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

జోషిత ఆఖరున డైరెక్టరు గారికి రెండు చుక్కలూ అద్ది, డబ్బా మూసి, ఆయన పక్కనే కూర్చుని తలొంచుకుని మళ్లీ జోకొట్టసాగింది. చూపు ఆయన మొహం మీదే ఉంది. కనురెప్పలు కిందికి వాలి ఉన్నాయి.

ట్యాబు టక్కుమంది.

కాసేపటికి డైరెక్టరు గారి ఫోను మోగింది. అవతల మంత్రిగారు. ఆయన గొంతు గది గోడల దాకా వినబడింది.

"ఏమయ్యా మార్తాండరావూ! ఇక్కడ తెర మీద మీరంతా కాళ్లు చాపుకుని పడుకుని కనబడుతున్నారు! పని వేళలో మొత్తం శాఖ శాఖే పడుకుందా?"

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. చాప అంచు ముద్ర బుగ్గ మీద, దాని పక్కన కాటుక చుక్క. బెల్టు ఇంకా వదులుగానే ఉంది. ఉద్యోగం పోయినట్టేనని ఆయన కళ్లు చెబుతున్నాయి. అప్పుడు నీలవేణి మెల్లగా ట్యాబు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"దీపాలు చూడండి సార్," అంది చిన్నగా.

ఆయన చూశారు. జాయింటు డైరెక్టరు, మెలకువ. జిల్లా అధికారులు, మెలకువ. సూపర్‌వైజరు, మెలకువ. డైరెక్టరు మార్తాండరావు, మెలకువ. ఆ గదిలో పచ్చదీపం వెలిగింది ఒక్కరికే.

డైరెక్టరు గారి గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది.

"అయ్యా, తమరు దయచేసి వీడియో చూడకండి, ఫలితం చూడండి. మేమందరం పూర్తి మెలకువతో ఉన్నట్టు యాపే ధ్రువీకరిస్తోంది. ఈ గదిలో నిద్రపోయింది ఒక్క శిశువే. జిల్లాలో ఆఖరి శిశువు! నూరు శాతం సాధించాం సార్!"

మంత్రిగారు తెరకు దగ్గరగా జరిగినట్టున్నారు. "ఆ పిల్ల కూర్చుని ఉంది కదయ్యా? చెయ్యి కూడా ఆడిస్తోంది."

"కూర్చుని నిద్రపోతోంది సార్. ఉన్నత స్థాయి నిద్ర అది."

"మరి నువ్వు గుర్రు పెడుతున్నావు?"

"అది..." డైరెక్టరు గారు బెల్టు బిగించుకున్నారు. "సమీక్షిస్తున్నాను సార్."

యాపు తప్పంటే మిషన్ తప్పు. మిషన్ తప్పంటే, దాన్ని ప్రారంభించి కొబ్బరికాయ కొట్టిన మంత్రిగారు కూడా తప్పు. అంత దూరం పోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. సాయంత్రానికల్లా జీడివలస బాలవాడికి అభినందనలు వచ్చేశాయి. జాగరణ కేంద్రాల జాబితాలోంచి దాని పేరు కొట్టేశారు. బుగ్గ మీది చుక్క సంగతి డైరెక్టరు గారికి ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ చుక్కలతోనే కారెక్కి, జిల్లా కేంద్రంలో విలేకరుల సమావేశం కూడా పెట్టారు. దిష్టి మాత్రం తగల్లేదు.

తరవాత వచ్చిన సర్క్యులర్ ఇప్పటికీ అమల్లో ఉంది. పడుకుని నిద్రించుటకు ఇష్టపడని శిశువులు జీడివలస పద్ధతిలో, అనగా కూర్చుని, చేతులు కదలించుచూ, అవసరమైనచో ఆడుకొనుచూ నిద్రించవచ్చునని అందులో రాశారు. రాష్ట్రంలో మధ్యాహ్నం నిద్ర మానేసిన పిల్లలందరూ ఆ రోజు నుంచీ ఆరుబయట పరుగులు తీస్తూ నిద్రపోతున్నారు. మంత్రిగారి గదిలో తెర పచ్చని పొలంలా ఉంటుందట.

అభినందనలు వచ్చిన ఆ సాయంత్రమే దమయంతి పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. సంగతి సగం విని, "నా కూతురు పడుకున్నాదేటి? నిజంగానా?" అంది నమ్మలేక.

"రాష్ట్రమంతా చూసిందే! కావాలంటే మంత్రినడుగు," అంది నీలవేణి. చాలా రోజుల తరవాత మనసారా నవ్వింది.

దమయంతి నల్లటి చేతులు చీరకు తుడుచుకుని పిల్లను ఎత్తుకుంది. మధ్యాహ్నం అంతమంది అధికారుల్ని నిద్రపుచ్చిన జోషిత తల్లి భుజం మీద తలపెట్టి, "ఆవు ఎల్తన్నాది..." అని ఏదో గొణిగింది. ఆ మాట పూర్తికాకుండానే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చెయ్యి వేలాడేసుకుని, ఒళ్లెరగని నిద్ర.

అలవాటు కొద్దీ నీలవేణి చెయ్యి ట్యాబు మీదికి పోయింది. పోయిన చెయ్యి ఆగింది. ట్యాబును బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేసి, పిల్ల గౌను జేబులోంచి కాటుక డబ్బా తీసి, దాని బుగ్గన చిన్న చుక్క పెట్టింది.

"సెంగు కప్పి తీసుకెళ్లవే," అంది దమయంతితో. "ఎవరూ చూడకుండా."